మందస కొండల్లోని నీ పిల్ల గురించి

శ్రీకాకుళం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. మహేంద్రగిరి దిగువన, మందస కొండల్లో దారి తప్పిన పన్నెండేళ్ల పిల్ల ఆరు రోజులు ఒంటరిగా గడుపుతుంది. మంచి కథ, వదలకు. అయితే "ధైర్యం తెచ్చుకుంది" అన్న మాట ఏడు చోట్ల ఉంది. ఏడూ కొట్టెయ్యి. చుట్టూ అడవే అయినప్పుడు ధైర్యం ఎక్కడి నుంచి తెచ్చుకుంటుందమ్మా? ఇంట్లో ఎవరో నేర్పిన నాలుగు పనులే ఆమె దగ్గరుంటాయి.

రెండో రోజు ఆకలికి పచ్చి జీడిపిక్కను పళ్లతో కొరికి పప్పు తిన్నదని రాశావు. జీడితోటల మధ్య పెరిగిన మన ఉద్దానం పాఠకుడు అక్కడే కథ పక్కన పెట్టేస్తాడు. తొక్కలోని నూనె తగిలితే మూతి బొబ్బలెక్కుతుంది. నాకు ఎనిమిదో ఏట ఎక్కింది. కొబ్బరినూనె రాస్తూ అమ్మమ్మ తిట్టిన తిట్లు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి. నీ పిల్లకూ అలాంటి అమ్మమ్మను ఇవ్వు. అప్పుడు ఆమె పండు మాత్రం తిని, నిప్పు దొరికితే కాల్చుకోవచ్చని పిక్కలు గౌను జేబులో దాచుకుంటుంది. రేపు ఒకటుందని ఆమె నమ్ముతున్నట్టు ఆ జేబే చెబుతుంది. నువ్వు ఇంకేమీ చెప్పకు.

ఎలుగుబంటి ఆకలితో మనిషి మీదకు రాదు. దానికి చెదలు, పండ్లు చాలు. చూపు మందం కాబట్టి, దగ్గరకొచ్చాక ఉలిక్కిపడి మీద పడుతుంది. ఈ సంగతి తెలిసిన పిల్ల పొదల మధ్య గట్టిగా ఎక్కాలు చదువుతూ నడుస్తుంది. గొంతు వణకనీ. పదమూడో ఎక్కం తప్పనీ.

జూలియానే కోప్కే అనే అమ్మాయి సంగతి తెలుసుకో. 1971 డిసెంబరు 24న పెరూ అడవి మీద విమానం గాలిలోనే విరిగిపోతే, పదిహేడేళ్ల ఆమె దాదాపు 3 కిలోమీటర్ల ఎత్తు నుంచి పడి బతికింది. 11 రోజులకు మనుషుల్ని చేరింది. నీళ్ల వెంట కిందికి పోతే ఊరు తగులుతుందని తండ్రి ఎప్పుడో చెప్పిన మాట పట్టుకుని నడిచింది. విమానంలో పక్క సీటులో ఉన్న తల్లి మాత్రం దక్కలేదు. నీ పిల్లనూ గెడ్డ వెంటే, ఆ కొండవాగు వెంటే దింపు. ఆ కొండల్లో పుట్టిన మహేంద్రతనయ బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. చిన్నప్పుడు ఎవరో ఆమెకు ఆ నది పోయే దారి చెప్పి ఉండాలి. ఆ చెప్పిన మనిషెవరో మొదటి పేజీలోనే మాకు కనబడాలి.

ఇంకొకటి. ఆరు రోజుల్లో ఆమెను ఒక్కసారి కూడా ఏడవనివ్వలేదు. గట్టి పిల్ల అనిపించాలని కాబోలు. ఐదో రాత్రి ఏడవనీ, వెక్కిళ్లు ఆగేదాకా. తెల్లారాక ముఖం కడుక్కుని, అడ్డాకు దొప్పలో నీళ్లు పట్టుకుంటుంది. చెయ్యి వణికి సగం ఒలికిపోతాయి. మళ్లీ పడుతుంది.

ముందు ఆ ఐదో రాత్రి ఒక్కటే తిరగరాసి పంపు. మిగతాది తర్వాత చూద్దాం.