వామి నిండా గడ్డి, ఆవు ఒంట్లో ఎముకలు

ప్రశ్న: డాక్టర్ గారూ, మాంసం కోసం పెంచే ఆవులు నాకు 24 ఉన్నాయి. సగానికి పైగా చూడివి. వానలు మొహం చాటేశాయి, బీళ్లలో పచ్చిక లేదు. వామిలోని ఎండుగడ్డి చలికాలం దాటేదాకా వచ్చేలా లేదు. గిడసబారిన జొన్నచేను కోసి వేద్దామనుకుంటున్నాను. అన్నిటికీ సమానంగా మేత తగ్గిస్తే గట్టెక్కుతామా?

జవాబు: సమానంగా తగ్గిస్తే సమానంగా చిక్కిపోతాయి, అంతే. ముందు మందను లెక్కపెట్టండి, గడ్డిని తర్వాత. చూడి పరీక్ష చేయించి, కట్టని వాటినీ పళ్లరిగిన వాటినీ ఒంట్లో కండ ఉండగానే అమ్మేయండి. మనసొప్పదని తెలుసు. కానీ చిక్కాక అమ్మితే అప్పటిదాకా వేసిన మేత కూడా దండగే.

450 కిలోల చూడి ఆవుకు రోజుకు సుమారు 9 కిలోల ఎండుమేత కావాలి. అమ్మగా 15 ఆవులు మిగిలాయనుకుంటే, వాటిని 120 రోజులు మేపాలంటే 16 టన్నుల పైచిలుకు. తొక్కి పాడుచేసేది అదనం. వామిని కంటితో అంచనా కట్టకండి. పది కట్టలు కాటా మీద పెట్టి సగటు తీయండి.

ఇక అసలు సంగతి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక కరువు చలికాలంలో, ఒక దొడ్డికి వెళ్లాను. గాడి నిండా గడ్డి ఉంది. ఆవుల వెన్నుపూసలు మాత్రం దూరం నుంచే లెక్కపెట్టొచ్చు. పేడ గట్టిగా, పెళ్లలు పెళ్లలుగా, నలగని గడ్డిపరకలతో పడుతోంది. చనిపోయిన ఆవును కోసి చూస్తే పొట్ట కిక్కిరిసి ఉంది. ఆకలితో చచ్చిందంటే యజమాని నమ్మలేదు.

ఎండుగడ్డిలో మాంసకృత్తులు 3, 4 శాతమే. పొట్టలో గడ్డిని పులియబెట్టే సూక్ష్మజీవులకు కనీసం 7 శాతమైనా అందాలి. అది లేకపోతే తిన్నది అరగదు, ఉన్నచోటే ఉండిపోతుంది. రోజుకు ఒక కిలో నూనెగింజల చెక్క ఇస్తే ఈ లోటు చాలావరకు తీరుతుంది. చెక్క దొరక్కపోతే 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీళ్లలో కరిగించి చల్లి, గాలి చొరకుండా మూడు వారాలు కప్పి ఉంచండి. ఘాటు పోయేదాకా ఆరబెట్టి వేయండి. ఆరు నెలల లోపు దూడలకు వద్దు. తొందరపడి యూరియాను నేరుగా తొట్టిలో కలిపారంటే మర్నాడు నన్ను పిలిచినా చేయగలిగింది ఉండదు.

జొన్న దగ్గర మరీ జాగ్రత్త. బెట్టకు గిడసబారిన లేత పైరులోనూ, చినుకు పడ్డాక వేసే పిలకల్లోనూ విషం ఉంటుంది. దాన్ని పశువుల చేత మేపవద్దు. బాగా ఎండితే ఆ విషం తగ్గుతుంది కానీ బెట్ట పైరులో చేరే నైట్రేట్ అనే రెండో విషం మాత్రం ఎండినా పోదు. అది కాండం అడుగున పేరుకుంటుంది కాబట్టి జానెడు మోడు వదిలి కోయండి. పాతరేస్తే, అంటే గాలి చొరకుండా కప్పి పులియబెడితే, కొంత తగ్గుతుంది. నైట్రేట్ సోకిన ఆవు రక్తం చాక్లెట్ రంగుకు తిరుగుతుంది, గంటల్లో ప్రాణం పోతుంది. అందుకే కోసిన చొప్పలో నాలుగైదు చోట్ల నుంచి నమూనా తీసి ప్రయోగశాలకు పంపండి. ఫలితం వచ్చేదాకా ఒక్క పరక కూడా వేయకండి.

తొలిచూలు పెయ్యలను వేరే కట్టేయండి. పెద్ద ఆవులు వాటిని గాడి దగ్గరికి రానివ్వవు. చలివానకు వెంట్రుకలు తడిసిన రోజున మాత్రం మేత పిసరంత కూడా తగ్గించకండి, ఇంకాస్త పెంచండి.