మొదటి ఏడాది సమాజశాస్త్రం చెప్పబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

తిరుపతి కాలేజీలో బీఏ మొదటి సంవత్సరం పిల్లలకు సమాజశాస్త్రం చెప్పే పని నీకు ఇచ్చారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. పరిచయ పాఠమే కదా అని దాన్ని కొత్తగా చేరినవాళ్లకు అప్పగిస్తారు గానీ, ఇన్నేళ్లు చెప్పినవాడిగా అంటున్నా, అన్నిటికన్నా కష్టమైన క్లాసు అదే.

మొదటి రోజే బోర్డు నిండా నిర్వచనాలు రాయకు. ఈ శాస్త్రానికి పునాదులు వేసిన కామ్ట్ ఏమన్నాడు, వెబర్ ఏమన్నాడు అని మొదలుపెడితే పిల్లలు రాసుకుంటారు, పరీక్షలో దించుతారు, ఆ సాయంత్రానికే మర్చిపోతారు. వాళ్లు రోజూ చూసేదాన్నే ముందు చూపించు. దానికి శాస్త్రం పెట్టిన పేరు తర్వాత చెప్పొచ్చు.

కులం పాఠమే తీసుకో. కొండ మీద వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో భోంచేసిన పిల్లలు నీ క్లాసులో చాలామందే ఉంటారు. వండిందెవరు, పక్కన కూర్చున్నదెవరు అని అక్కడ ఎవరూ అడగరు. ఆ సంగతి వాళ్ల నోటే చెప్పించు. మర్నాడు ఆదివారం పేపర్లోని పెళ్లి ప్రకటనల పేజీ తెప్పించి, కులం, శాఖ అడిగినవి ఎన్ని, పట్టింపు లేదన్నవి ఎన్ని, వాళ్లనే లెక్కపెట్టనీ. పంక్తిలో సడలిన పట్టు పెళ్లి దగ్గర ఎందుకు సడల్లేదని అడిగి కాసేపు ఊరుకో. నువ్వు తొందరపడి జవాబు చెప్పేస్తే పాఠం అక్కడే చచ్చిపోతుంది. వాళ్లు వాదించుకుని అలిసిపోయాక అంబేద్కర్‌ను తీసుకురా. 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్నప్పుడే, కులానికి ఆయువుపట్టు సొంత కులంలోనే పెళ్లి చేసుకోవడమని ఆయన తన పత్రంలో తేల్చారు. ‘అంతర్వివాహం’ అన్న మాట అప్పుడు బోర్డు మీద రాయి, ఇక మర్చిపోరు.

అయితే ఒక్క జాగ్రత్త. ‘మీదే కులం’ అని క్లాసులో ఎవరినీ అడగొద్దు, చేతులెత్తించొద్దు. పదిమంది ముందు ఆ ప్రశ్న ఎదుర్కొన్న పిల్లవాడు ఏడాదంతా వెనక బెంచీలోంచి లేవడు.

ఆత్మహత్యల మీద ఫ్రెంచి సమాజశాస్త్రవేత్త డర్ఖైమ్ 1897లో రాసిన పుస్తకం సిలబస్‌లో ఉంటే నిదానంగా చెప్పు. ఒక్కో మరణం వెనక ఒక్కో బాధ ఉంటుంది, నిజమే. కానీ మనుషులు మారుతున్నా ఒక దేశంలో ఆత్మహత్యల రేటు, అంటే జనాభాలో ఇంతమందికి ఇన్ని అన్న లెక్క, ఏళ్ల తరబడి పెద్దగా మారడం లేదంటే, మనిషిని పట్టి ఉంచే బంధాల్లో కూడా కారణం వెతకాలన్నది ఆయన వాదన. రేటు అంటే ఏమిటో అర్థమైతే చాలు, వివరాల్లోకి పోవద్దు. ఆ బెంచీల్లో అలా ఇంటి మనిషిని పోగొట్టుకున్నవాళ్లు ఉండొచ్చు. ఎవరైనా ముభావంగా కనిపిస్తే క్లాసయ్యాక విడిగా పలకరించు.

మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర నాటికి సిలబస్ అయిపోయి ఉంటుందేమో, అయినా పిల్లల్ని నోటుపుస్తకంతో పంపు. బైరాగి వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం. ఎవరు కడతారు, జాతర ఆచారాలు జరిపే కైకాల కుటుంబాల వంతు ఏమిటి, సారె ఎక్కడినుంచి వస్తుంది, ఇవన్నీ అడిగి రాసుకోమను. ఏడాదంతా మగవాడు చీర కడితే నవ్వే ఊరు ఆ వారం అదే మనిషికి దండం ఎందుకు పెడుతుంది? ఆ ఒక్క ప్రశ్నకే రెండు క్లాసులు పట్టినా పట్టనీ.

రాసుకోవడం ఏ రోజుది ఆ రోజే కావాలి. మన దేశపు సమాజశాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ కథ చెప్పు. 1948లో మైసూరు దగ్గరి పల్లెలో ఉండి సేకరించిన సమాచారాన్ని ఆయన వరసగా సర్ది పెట్టుకుంటే, 1970లో స్టాన్‌ఫర్డ్‌లో ఎవరో పెట్టిన నిప్పుకు మూడు ప్రతులూ కాలిపోయాయి. ఆయన జ్ఞాపకం మీద ఆధారపడి మళ్లీ రాశారు, 1976లో పుస్తకం వచ్చింది. అంత దగ్గరగా చూసి రాసుకున్నారు కాబట్టే అది గుర్తుంది.

మన రాష్ట్రంలో డిగ్రీ ఇంగ్లిష్ మీడియం అయ్యాక పల్లెల పిల్లలు నోరు విప్పడానికే జంకుతున్నారు. జవాబు ఇంగ్లిష్‌లో రాస్తే రాయనీ, వాదన మాత్రం తెలుగులో జరగనీ. దీని మీద ఎవరేమన్నా వెనక్కి తగ్గకు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు పెళ్లి ప్రకటనల మీద వాళ్లు రాసిన కాగితాలు పట్టుకురా. ఎర్ర సిరా పెట్టకుండా తీసుకురా, ఇద్దరం కలిసి చదువుదాం.

మీ మామయ్య