ఎవరిని ఎక్కడ ఆడించాలి?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. మండల ఫుట్‌బాల్ పోటీల్లో నాలుగు గోల్స్ తేడాతో ఓడిపోయామని, పిల్లల్లో పట్టుదల లేదని రాశావు. ఉత్తరం వెనుక నువ్వు గీసిన జట్టు బొమ్మ చూస్తే నాకు వేరే సంగతి అర్థమైంది. పొడుగ్గా ఉన్నవాళ్లను వెనక నిలబెట్టావు, వేగంగా పరుగెత్తేవాళ్లను అంచులకు పంపావు, మిగిలిన బొద్దు పిల్లవాడికి గోల్‌కీపర్ గ్లవ్స్ తొడిగావు. బట్టల కొట్లో సైజుల వారీగా సర్దినట్టుంది.

నేనూ ఆ పని చేసినవాణ్ణే. ఒక పొడగరి కుర్రవాణ్ణి ఏడాది పొడవునా సెంటర్ బ్యాక్‌గా, అంటే మన గోల్ ముందు నడుమ కాపుకాసేవాడిగా ఆడించాను. బంతి గాలిలో వస్తే కళ్లు మూసుకునేవాడు. నేను అరిచేవాణ్ణి, వాడు మరింత బిగుసుకుపోయేవాడు. ఒకరోజు మైదానం నడుమ, మిడ్‌ఫీల్డ్‌లో ఆడేవాడికి జ్వరం వచ్చి, గత్యంతరం లేక వీణ్ణి అక్కడికి పంపాను. బంతి తన దగ్గరికి వచ్చేలోపే అటొకసారి, ఇటొకసారి తల తిప్పి వెనక ఎవరున్నారో చూసుకున్నాడు. బంతి కాలికి తగలగానే ఖాళీగా ఉన్నవాడికి పంపేశాడు. అలా చూడమని నేను ఎప్పుడూ చెప్పలేదు. వాడి ఎత్తు తప్ప నాకు ఇంకేమీ కనబడని ఏడాది అది.

అందుకని రెండు వారాలు ఎవరికీ స్థానం చెప్పకు. ఐదుగురేసి చొప్పున చిన్న మైదానంలో ఆడించు. ఈల జేబులో పెట్టుకుని గట్టు మీద కూర్చో. బంతి ఉన్నవాణ్ణి అందరూ చూస్తారు, నువ్వు లేనివాళ్లను చూడు. బంతి పోగొట్టుకున్నాక వెనక్కి పరుగెత్తేది ఎవరు, నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడేది ఎవరు? గోల్‌కు వీపు పెట్టి, మీద డిఫెండర్ పడుతున్నా బంతిని కాపాడుకునేది ఎవరు? మైదానమంతా ఎదురుగా కనబడితే తప్ప ఆడలేని పిల్లలుంటారు. వాళ్లను నట్టనడుమ పెడితే ఊపిరాడదు. అంచున ఆడించు, ఒక పక్క గీత ఉంటుంది కాబట్టి అటు నుంచి ఎవరూ రారు.

గోల్‌కీపర్ స్థానం మిగిలిపోయినవాళ్లకు ఇచ్చేది కాదు. మన హైదరాబాద్‌లో పుట్టిన పీటర్ తంగరాజ్ మొదట్లో సెంటర్ ఫార్వర్డ్, అంటే అందరికన్నా ముందుండి గోల్స్ కొట్టేవాడు. తర్వాత గోల్‌లోకి మారి దేశానికే పెద్ద గోల్‌కీపర్ అయ్యాడు.

మన జాతీయ జట్టు కోచ్‌గా పనిచేసిన రహీం సాబ్ సంగతి నీకు ఎన్నిసార్లు చెప్పానో, మళ్లీ చెబుతాను, విసుక్కోకు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మన డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఆయన అతణ్ణి బయట కూర్చోబెట్టలేదు, సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు. సెమీఫైనల్లో అతను గోల్ కొట్టాడు. ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించిన రెండు గోల్స్‌లో ఒకటి పి.కె. బెనర్జీది, రెండోది ఇతనిదే. ఆ కథ విని రేపటి మ్యాచ్‌లో డిఫెండర్లందరినీ ముందుకు తోసేవు! రహీం సాబ్ అప్పటికి 1950 నుంచీ జాతీయ జట్టును చూస్తూ వచ్చారు. ఎవరి కాలిలో ఏముందో ఆయనకు తెలుసు. నీకు ఈ పిల్లలతో పరిచయం మూడు నెలలే.

మార్చేటప్పుడు పిల్లవాణ్ణి పక్కకు పిలిచి కారణం చెప్పు. వెనక్కి పంపితే శిక్ష అనుకుంటారు. ఇంట్లో తండ్రి కూడా ‘గోల్స్ ఎందుకు కొట్టడం లేదు?’ అని అడుగుతాడు. ఆ తండ్రితోనూ నువ్వే మాట్లాడాలి, తప్పదు. కొత్త చోట కనీసం ఆరేడు ఆటలు ఆడనివ్వు. ఒక్క ఓటమికే బెదిరిపోయి పాత చోటికి లాగకు.

ఇంకొకటి. నీ బొమ్మలో పదిమంది పేర్లున్నాయి. గ్లవ్స్ తొడిగినవాడి దగ్గర మాత్రం ‘గోలీ’ అని రాసి ఊరుకున్నావు. వాడి పేరేమిటో, బంతి తన్నితే ఎంత దూరం పోతుందో ఈసారి ఉత్తరంలో రాయి.

మీ పెదనాన్న