బస్సులో బాగున్న కథ ఇంటికొచ్చాక ఏమైందంటే

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివా. బస్సులో మనసులో చెప్పుకుంటే బ్రహ్మాండంగా ఉంది అన్నా, ఇంటికొచ్చి రాస్తే చప్పగా అయిపోయింది, నాకు టాలెంట్ లేదేమో అని రాశావు చూడు, అక్కడ ప్రాణం ఉసూరుమంది. ఇరవై ఏళ్ల వయసులో నేనూ అచ్చం అలాగే అనుకుని ఒక నోటుబుక్కు చించి పారేశా.

వైగోత్‌స్కీ అని సోవియట్ సైకాలజిస్టు, 1934లో 37 ఏళ్లకే టీబీతో పోయాడు. చిన్నపిల్లలు ఆడుకుంటూ "ఇది ఇక్కడ పెడదాం, అయ్యో పడిపోయింది" అని వాళ్లలో వాళ్లే పైకి మాట్లాడుకుంటారు కదా, పెద్దయ్యేకొద్దీ ఆ మాటలే లోపలికెళ్లి మనసులో మాటలవుతాయని, వెళ్తూ వెళ్తూ బాగా కుదించుకుపోతాయని ఆయన చెప్పాడు. ఎవరి గురించో మనకి ముందే తెలుసు కాబట్టి కర్త ఎగిరిపోయి క్రియ ఒక్కటే మిగుల్తుంది. నువ్వు బస్సులో "వచ్చింది" అనుకుంటే అందులో మీ అమ్మ, వాన, తడిసిన సంచీ అన్నీ ఉన్నాయి నీకు. చదివేవాడికి మాత్రం వచ్చింది అమ్మో, బస్సో, కోపమో తెలీదు, మన తెలుగులో మూడింటికీ అదే మాట సరిపోతుంది మరి!

ఇంకోటి. మనసులో అనుకునేటప్పుడు కూడా మెదడు పైకి మాట్లాడే ఏర్పాటునే చాలావరకు వాడుకుంటుంది, పలకడానికి ఆర్డరు తయారవుతుంది, నోరు కదలదు, కానీ ఆ ఆర్డరు కాపీ వినికిడి భాగానికి వెళ్లడం వల్లే లోపల గొంతు వినబడ్డట్టు ఉంటుందని శాస్త్రవేత్తలు చాలామంది అంటారు. అందుకే నీ రాత నువ్వు కళ్లతో చదివితే కాగితం మీద లేని విరుపు, కోపం, వణుకు అన్నీ నీ గొంతే కలిపేస్తుంది. ఒక పని చెయ్యి, "లలల లలల" అని ఆపకుండా గొణుగుతూ నీ పేజీ చదువు. నోరు వేరే పనిలో ఉంటే లోపలి గొంతు సరిగ్గా పలకదు, అప్పుడు కాగితం మీద నిజంగా ఎంతుందో కనబడుద్ది. నేను ఇప్పటికీ చేస్తా.

నీ కథలో మేస్త్రీ మూడు పేజీలు మనసులో మాట్లాడుకుంటాడు, అన్నీ నిండు వాక్యాలే, లెక్చరిచ్చినట్టు. ఆయన కూతురు ఇల్లొదిలి వెళ్లిన సీను మాత్రం నాలుగు ముక్కల్లో తేల్చేశావు. తిరగెయ్యి రా. మేస్త్రీకి ముక్కలు చాలు, సున్నం చేతులు కడుక్కుంటూ ఎవరూ వ్యాసాలు అనుకోరు, అసలు కొంతమందికి ఆలోచనలు మాటల్లోనే రావు, బొమ్మల్లా వస్తాయి. కూతురు గుమ్మం దాటడం నాకు పూర్తిగా కావాలి, చెప్పులు వేసుకుందో లేదో దగ్గర్నుంచి.

ఆ రెండు సీన్లూ మళ్లీ రాసి పంపు, మిగతా కథ ముట్టుకోకు.

మీ అన్నయ్య