నాలుగు పుల్లలూ బల్ల మీద పడుకోకూడదు

రాయగడ

అమ్మలూ,

మొన్న ఫోన్లో నీ టెన్షన్ విని నవ్వొచ్చింది, ఏమనుకోకు. బుజ్జిగాడిని సోమవారానికి మీథేన్ అణువు మోడల్, అదే ఒక కార్బన్‌కి నాలుగు హైడ్రోజన్లు తగులుకున్నది, తెమ్మన్నారట, నువ్వేమో పర్లాకిమిడి బజారంతా తిరిగి థర్మోకోల్ బంతులు కొన్నావు. "వాడికి చేతకాదు పెద్దమ్మా, నేనే చేసిచ్చేస్తాను" అన్నావు చూడు, అక్కడే ఆగు.

ఒకప్పుడు నేనూ అదే చేశాను. మీ అన్నయ్య కోసం రాత్రి పదకొండు దాకా కూర్చుని, అట్ట మీద నల్ల బంతి, దాని చుట్టూ నాలుగు తెల్ల బంతులు ప్లస్ గుర్తులా అంటించాను. ముచ్చటగా ఉందని పదికి పది వేశారు. సైన్సు టీచర్నయ్యుండి నేను చేసింది తప్పు బొమ్మ! పుస్తకంలో కాగితం మీద గీయాలి కాబట్టి అలా గీస్తారు గానీ మీథేన్ చదునుగా ఉండదు. 1865లో లండన్‌లో హాఫ్‌మన్ అనే రసాయన శాస్త్రవేత్త క్రోకే ఆట బంతులతో మోడళ్ళు చూపిస్తే, ఆయన మీథేనూ చదునే. కార్బన్ నలుపు, హైడ్రోజన్ తెలుపు, ఆక్సిజన్ ఎరుపు అని ఆయన వాడిన రంగులే ఇప్పటికీ వాడుతున్నాం. ఆకారాన్ని సరిదిద్దింది 1874లో వాంట్ హాఫ్ అనే ఇంకో రసాయన శాస్త్రవేత్త. అప్పటికి ఆయనకు 22 ఏళ్ళే.

ముందు నాలుగు బెలూన్లు ఒకే సైజులో ఊదించి, మూతులన్నీ ఒకచోట కట్టమను. అవి ఒకదాన్నొకటి తోసుకుని వాటంతటవే సర్దుకుంటాయి. కార్బన్ చుట్టూ, హైడ్రోజన్లని పట్టి ఉంచే నాలుగు ఎలక్ట్రాన్ జంటలూ అంతే, వీలైనంత దూరం జరుగుతాయి. వాడు దాన్ని చేత్తో తిప్పి చూడాలి. నువ్వు నోటితో చెప్పకు.

తర్వాత ఘుగుని కూరకి నానబెట్టే బఠాణీలు ఓ గుప్పెడు, టూత్‌పిక్‌లు ఇవ్వు. తప్పొస్తే పీకి మళ్ళీ గుచ్చుకుంటాడు, పోయేదేం లేదు. ఎండేకొద్దీ బఠాణీ పుల్లను గట్టిగా పట్టేస్తుంది.

అసలు మోడల్‌కి చీపురు పుల్లలు చాలు. కార్బన్ బంతికి, ముక్కాలిపీటకి కాళ్ళలా మూడు పుల్లలు కిందికి వాలుగా, నాలుగోది నిటారుగా పైకి. ఇప్పుడు పైదాన్ని కిందికి దొర్లించి, వేరే మూడు కాళ్ళ మీద నిలబెట్టమను. ఎటు నిలబెట్టినా ఒకేలా కనిపిస్తే కోణం కుదిరినట్టే, 109.5 డిగ్రీలు. ఇంకా అనుమానముంటే స్కేలు తెమ్మను. కార్బన్ నడిమధ్య నుంచి ప్రతి పుల్ల కొస 10 సెంటీమీటర్లుంటే, ఏ రెండు కొసల మధ్యనైనా దాదాపు 16.3 రావాలి. ఆరుసార్లు కొలవాలి. మొదటిసారి ఒకటో రెండో తేడా వస్తాయి, రానీ. హైడ్రోజన్ బంతులు ఆ తర్వాతే గుచ్చాలి, అవి కార్బన్ కంటే చిన్నవి ఉండాలి.

రంగుకి పోస్టర్ కలర్ వాడండి. స్ప్రే పెయింట్ కొడితే థర్మోకోల్ కరిగి గుంటలు పడుతుంది.

వాడి ఒడియా పుస్తకంలో ఉదజాన్, అమ్లజాన్ అని ఉంటే నువ్వు కంగారుపడకు. మా చిన్నప్పటి తెలుగు పుస్తకాల్లో ఉదజని, ఆమ్లజని, అవే.

టైముంటే నీటి అణువు కూడా చేయించు. ఆక్సిజన్‌కీ నాలుగు జంటలే, రెంటికే హైడ్రోజన్ తగులుకుంది. అందుకే అది వంగి ఉంటుంది, 104.5 డిగ్రీలు. టీచరు "ఎందుకు వంగింది?" అని అడిగితే బెలూన్లు చూసినవాడు చెప్పగలడు.

బంతులు కాస్త వంకరగా అంటుకున్నా నువ్వు చెయ్యి పెట్టకు. మిగిలిన బఠాణీలతో ఆదివారం ఘుగుని చెయ్యి. పుల్లలు గుచ్చినవి కాదులే.

మీ పెద్దమ్మ