ఊరి విలీనం, పొలాల సేకరణ: అభ్యంతరం ఎలా చెప్పాలి?

ప్రశ్న: మా పంచాయతీని పక్క మున్సిపాలిటీలో కలిపి, మా మాగాణిలో పేదల ఇళ్ల కాలనీ కడతామంటున్నారు. భూసేకరణ ప్రకటన ఇంకా రాలేదు. ఊరంతా సంతకాలు పెట్టి కలెక్టరుగారికి అర్జీ ఇచ్చాం. ఇది చాలుతుందా?
– ఒక రైతు, గుంటూరు జిల్లా

జవాబు: చాలదండీ. 2013 భూసేకరణ చట్టం 11వ సెక్షన్ కింద ప్రాథమిక ప్రకటన వెలువడ్డాకే అభ్యంతరాల గడువు మొదలవుతుంది. ముందిచ్చిన అర్జీని నమ్ముకుని ఊరుకుంటే ఆ గడువు కాస్తా దాటిపోతుంది. ప్రకటన వచ్చిన 60 రోజుల్లోగా, 15వ సెక్షన్ కింద, ఎవరి అభ్యంతరం వారు కలెక్టరుకు రాసి ఇవ్వండి. సర్వే నంబరు, విస్తీర్ణం, పంటలు, బోరు, చెట్లు అన్నీ రాసి, పాసుపుస్తకం, అడంగల్ నకళ్లు జతచేయండి. విచారణలో మీ మాట వినాలని అందులోనే కోరండి. రెండో ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోకుండా ఆఫీసు నుంచి కదలొద్దు.

"మా భూమి ఇవ్వం" అని రాస్తే బలం ఉండదు. ఆ స్థలం కాలనీకి ఎందుకు పనికిరాదో చూపాలి. వానాకాలం ఎన్ని రోజులు నీళ్లు నిలుస్తాయి, పంట కాలువ, మురుగు కాలువ ఎటు పోతాయి, దగ్గర్లో ప్రభుత్వ బంజరు ఏ సర్వే నంబర్లలో ఉంది, ఇవన్నీ గ్రామ పటం మీద గుర్తించి ఇవ్వండి. ఒక చిక్కుంది. ఏటా రెండు మూడు పంటలు పండే భూమికి చట్టంలో రక్షణ ఉన్నా, ఆంధ్రప్రదేశ్ 2018 సవరణలోని 10ఏ సెక్షన్ కింద పేదల ఇళ్ల ప్రాజెక్టులకు ఆ నిబంధన నుంచీ, సామాజిక ప్రభావ అంచనా (సేకరణ వల్ల ఊరి జనానికి ఏమవుతుందో చూసే అధ్యయనం) నుంచీ ప్రభుత్వం మినహాయింపు ఇవ్వొచ్చు. ప్రకటనలో ఆ మినహాయింపు ఉందేమో ముందు చూడండి. ఉంటే, స్థలం అనుకూలత, ప్రజా ప్రయోజనం మీదే గట్టిగా వాదించాలి.

విలీనాన్ని పన్నుల గొడవగా చూసి వదిలేయడం పెద్ద పొరపాటు. పరిహారం లెక్కలో గ్రామీణ భూమి మార్కెట్ విలువను 1 నుంచి 2 లోపు గుణకంతో హెచ్చిస్తారు; పట్టణమైతే 1 మాత్రమే. రిజిస్ట్రేషన్ విలువలు పెరగకముందే ఊరు మున్సిపాలిటీలో కలిస్తే పరిహారం తగ్గొచ్చు. గ్రామీణ ఉపాధి పనులూ పోతాయి. ఒక ప్రాంతాన్ని పట్టణంగా ప్రకటించేముందు, రాజ్యాంగం 243క్యూ అధికరణ జనాభా, జనసాంద్రత, స్థానిక ఆదాయం, వ్యవసాయేతర ఉపాధి శాతం చూడమంటుంది. కాబట్టి గ్రామసభ తీర్మానంలో ఆ లెక్కలే పెట్టించండి: సాగు మీద, కూలి మీద బతికే కుటుంబాలెన్ని, జాబ్ కార్డులెన్ని.

అంతా దాటి అవార్డు (కలెక్టరు పరిహారం ఖరారు చేసే ఉత్తర్వు) దాకా వస్తే, సొమ్ము తీసుకునేటప్పుడు "అభ్యంతరంతో తీసుకుంటున్నాను" అని తప్పక రాయండి. అలా రాయకుండా తీసుకున్నవారికి, పరిహారం పెంపు కోసం 64వ సెక్షన్ కింద దరఖాస్తు చేసే హక్కు ఉండదు.