అమెరికాలో సంప్రదాయ క్రైస్తవుల రాజకీయం స్కూళ్ల చుట్టూనే ఎందుకు తిరుగుతుంది?

జెండర్ అయినా, జాతి అయినా గొడవ చివరికి స్కూల్ దగ్గరికే ఎందుకు వస్తుందని అడిగారు కదా. పిల్లలకు మంచీచెడూ నేర్పే బాధ్యత దేవుడు తల్లిదండ్రులకే ఇచ్చాడు, ప్రభుత్వానికి కాదు అన్నది ఈ సంప్రదాయ క్రైస్తవుల గట్టి నమ్మకం, మిగతావన్నీ అక్కడి నుంచే వస్తాయి.

జెండర్ మీద వాళ్ల నమ్మకానికి ఆధారం బైబిల్ మొదటి పుస్తకమైన ఆదికాండం. దేవుడు మనుషుల్ని స్త్రీగా, పురుషుడిగా సృష్టించాడు కాబట్టి అది మార్చుకునేది కాదంటారు. 2022లో ఫ్లోరిడా మూడో తరగతి వరకు లైంగికత, జెండర్ గుర్తింపు పాఠాలు వద్దని చట్టం చేస్తే చాలామంది సమర్థించింది అందుకే.

జాతి దగ్గర చరిత్ర చాలా బరువైనది. అమెరికాలోని అతిపెద్ద ప్రొటెస్టంట్ చర్చిల సంఘం సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్ 1845లో విడిగా ఏర్పడిందే బానిసల యజమానులు మిషనరీలు కావచ్చా అన్న గొడవ మీద, దానికి క్షమాపణ చెప్పింది 1995లో. బాబ్ జోన్స్ యూనివర్సిటీ అనే క్రైస్తవ విద్యాసంస్థ వేర్వేరు జాతుల విద్యార్థులు ప్రేమించుకోకూడదని రూలు పెట్టి పన్ను మినహాయింపు పోగొట్టుకుంది, 1983లో సుప్రీంకోర్టులోనూ ఓడిపోయింది, అయినా ఆ రూలు 2000 దాకా తీయలేదు. ఇప్పుడు వీళ్లలో ఎక్కువమంది జాతి వివక్ష పాపమేనంటారు, కానీ అది మనిషి హృదయంలోని పాపమని, వ్యవస్థలోనే ఉందని స్కూళ్లలో నేర్పితే పిల్లల్లో అపరాధభావం పెరుగుతుందని వాదిస్తారు. నాకిది ఒప్పుకోబుద్ధి కాదు. చట్టాలే పెట్టి నడిపిన వివక్షను ఒక్కో మనిషి హృదయానికే ఎలా వదిలేస్తాం?

అలాగని అందర్నీ ఒకే గాటన కట్టకండి. నల్లజాతి చర్చిల్లో జెండర్ మీద ఇవే నమ్మకాలున్నవాళ్లు ఎందరో ఉన్నారు, వాళ్ల ఓట్లు మాత్రం ఎక్కువగా డెమోక్రాట్లకే పడతాయి.